పండ్లతో గ్రీన్ టీ: ఆకుకు ఒక వేడి, పండుకు ఒక వేడి

తిరుపతిలోనూ చిత్తూరులోనూ తెల్లవారి పొయ్యి వెలిగించగానే ముందుగా దిగేది ఫిల్టర్ కాఫీ డికాక్షను. సాయంత్రానికి పాల టీ ఉంటుంది, ఎండాకాలంలో నన్నారి షర్బత్ ఉంటుంది. గ్రీన్ టీ మాత్రం ఈ ఇళ్ళలోకి బరువు తగ్గిస్తుందనో, ఒంటికి మంచిదనో పేరు తెచ్చుకుని వచ్చింది గనుక, దాన్ని రుచి కోసం తాగేవాళ్ళ కంటే మందులా మింగేవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. పాల టీకి అలవాటుపడిన చేయి ఆకును కూడా గిన్నెలో వేసి కుతకుత మరిగిస్తుంది. అలా కాచిన నీరు చేదుగా, వగరుగా, నాలుక పిడచకట్టేలా తయారవుతుంది. ఆ చేదును కప్పిపుచ్చడానికి కొందరు మామిడి, పీచ్, స్ట్రాబెర్రీ బొమ్మలున్న ప్యాకెట్లు కొంటారు. వాటిలో వాసన గుప్పుమంటుంది, రుచి మాత్రం అంతంత మాత్రమే.

ఈ రెండు నిరాశలకూ మూలం ఒకటే. గ్రీన్ టీ ఆకు 70 నుంచి 80 డిగ్రీల వేడి నీళ్ళలో రెండు నిమిషాలు ఊరితే తన మంచి గుణమంతా ఇస్తుంది. అంతకంటే వేడెక్కినా, ఎక్కువసేపు ఉన్నా చేదు దిగడం మొదలవుతుంది. ఎండిన పండు ముక్క అలా కాదు. దానికి సలసల కాగే నీళ్ళు కావాలి, ఎనిమిది పది నిమిషాలు కావాలి, అప్పుడుగానీ అది మెత్తబడి తన పులుపునూ తీపినీ వదలదు. ఈ రెంటినీ ఒకే జాలీలో వేసి ఒకే నీళ్ళు పోస్తే ఆకుకు న్యాయం చేసినప్పుడు పండు పలకదు, పండుకు న్యాయం చేసినప్పుడు ఆకు చేదెక్కుతుంది. కనుక ఈ వ్యాసంలో చెప్పబోయే పద్ధతి అంతా ఆకునూ పండునూ విడిగా కొనడం, విడిగా దాచడం, ముందు పండును ఊరబెట్టి ఆ నీళ్ళు తగినంత చల్లారాక ఆకు వేయడం అన్న ఒక్క క్రమం మీద నడుస్తుంది.

ఆకు ఎంపిక

గ్రీన్ టీ, మామూలు టీపొడి, రెండూ కమీలియా సైనెన్సిస్ అనే ఒకే మొక్క నుంచి వస్తాయి. కోసిన ఆకును నలిపి గాలికి వదిలితే అందులోని ఎంజైముల వల్ల అది నల్లబడి మామూలు టీ అవుతుంది. కోసిన కొద్దిసేపటికే వేడి తగిలించి ఆ ఎంజైములను ఆపేస్తే పచ్చదనం నిలిచి గ్రీన్ టీ అవుతుంది. ఆ వేడిని చైనాలో ఎక్కువగా పెద్ద మూకుళ్ళలో వేయించి ఇస్తారు, జపానులో ఆవిరి పట్టించి ఇస్తారు. ఈ తేడా పండ్ల జోడింపుకు ముఖ్యమైనది. ఆవిరి పట్టిన సెంచా వంటి ఆకులో పచ్చిగడ్డి, ఉడికిన ఆకుకూర గుర్తుచేసే వాసన ఉంటుంది. దాని పక్కన మామిడి పొసగదు, నిమ్మ, చీనీ (బత్తాయి) వంటివి బాగా పొసగుతాయి. మూకుడులో వేయించిన ఆకుకు వేపుడు పప్పుల వంటి కమ్మదనం ఉంటుంది కాబట్టి మామిడికి, జామకు, దానిమ్మకు అదే తగినది.

మనకు దగ్గరలో దొరికేది నీలగిరి ఆకు. ఊటీ వెళ్ళివచ్చిన ప్రతివారి సంచిలోనూ కూనూరు టీ ప్యాకెట్టు ఒకటి ఉండనే ఉంటుంది. ఈసారి వెళ్ళేటప్పుడు పొడి బదులు విడి ఆకు గ్రీన్ టీ అడిగి తెచ్చుకోవచ్చు. నీలగిరి గ్రీన్ టీ సాధారణంగా తేలికగా, పెద్దగా వగరు లేకుండా ఉంటుంది గనుక పండుతో కలపడానికి నా మట్టుకు అదే మొదటి ఎంపిక. డార్జిలింగ్, కాంగ్రా, అస్సాం గ్రీన్ టీలు కూడా ఆన్‌లైనులో దొరుకుతాయి. చిన్న ఉండలుగా చుట్టిన చైనా గన్‌పౌడర్ ఘాటుగా ఉంటుంది. పుదీనాతో బాగుంటుందిగానీ సున్నితమైన పండ్లను మింగేస్తుంది.

కొనేటప్పుడు చూడవలసింది ప్యాకింగు తేదీ. గ్రీన్ టీకి పాతబడటం మంచి చేయదు; ఏడాది దాటిన ఆకు పసుపు గోధుమ రంగుకు తిరిగి ఎండుగడ్డి వాసన వేస్తుంది. చేతిలో కొంచెం పోసుకుని చూస్తే ఆకు ఆకుగా, మెలితిరిగి, అడుగున పొడి తక్కువగా ఉండాలి. సాధారణ టీ బ్యాగుల్లో ఉండేది ఎక్కువగా ఆకు చెరిగాక మిగిలిన నూక, ధూళి. అది నీళ్ళు తగలగానే ఒక్కసారిగా చేదు వదులుతుంది కాబట్టి ఇక్కడ చెప్పే సమయాలు దానికి వర్తించవు. ఒకేసారి పావు కిలో కొనడం దండగ. 50 లేదా 100 గ్రాములు కొని రెండు నెలల్లో ముగించడం మేలు.

పండ్లు కలిపిన ప్యాకెట్టే కొనదలచినవారు ముందువైపు బొమ్మ వదిలేసి వెనకవైపు పదార్థాల పట్టిక చదవాలి. అందులో సువాసన ద్రవ్యం కలిపినట్లు రాసి ఉంటే, మూత తీయగానే వచ్చే ఆ మామిడి వాసన చాలావరకు దానిదే అని అర్థం. అది హానికరమని కాదు. కానీ దాని కోసం అంత ధర పెట్టనవసరం లేదు. చక్కెరపాకంలో నానిన పండు ముక్కలు, టూటీ ఫ్రూటీ వంటివి ఉన్న మిశ్రమాలు మధుమేహం ఉన్నవారికి తగవు.

ఏ పండు, ఏ కాలంలో

పండును ఎంచడంలో చూడవలసినవి పులుపు, వాసన. ఈ రెండూ ఉన్న పండు టీలో పలుకుతుంది. తీపి, గుజ్జు మాత్రమే ఉన్నది నీటిని కలక చేసి ఊరుకుంటుంది. అందుకే అరటి, సపోటా, బొప్పాయి, అడవి గుట్టల నుంచి గంపల్లో దిగే సీతాఫలం ఎంత రుచికరమైనవైనా ఈ పనికి పనికిరావు. వాటిని పండుగానే తినాలి.

మామిడి మన తిరుపతి, చిత్తూరు వైపు పండు గనుక దాని గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి. మే నుంచి జూలై దాకా దామలచెరువు, బంగారుపాళెం మార్కెట్లలో కాయ రాసులుగా పడుతుంది. చేతికి మొదట వచ్చేది బేనీషా, అంటే బంగినపల్లి. తినడానికి దాన్ని మించినది లేదుగానీ బాగా పండిన బేనీషాలో పులుపు దాదాపు ఉండదు, ఎండబెడితే తాండ్రలా జిగటగా మారుతుంది. టీ కోసం ఎండబెట్టడానికి సరైనది తోతాపురి, రైతులు బెంగళూరా అనే కాయ. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలకు లారీల మీద వెళ్ళే ఈ కాయను తినే పండుగా ఎవరూ పెద్దగా లెక్కచేయరు. అయితే దోరగా ఉన్నప్పుడు, అంటే తొక్క ఇంకా సగం పచ్చగా ఉండి లోపల కండ లేత పసుపుకు తిరిగినప్పుడు, దానిలో పులుపు, తీపి, గట్టిదనం మూడూ కలిసి ఉంటాయి. ముక్క చెదరదు, ఎండితే పెళుసుగా వస్తుంది, నీళ్ళలో ఊరితే మామిడి వాసన స్పష్టంగా వస్తుంది. సీజను చివర్లో వచ్చే నీలం వాసనలో ఇంకా ఘనమైనదే, కానీ చిన్న కాయ కాబట్టి తరగడానికి ఓపిక కావాలి.

రాయలసీమలో చీనీ అని పిలుచుకునే బత్తాయిలో మనకు కావలసింది తొక్క. రసం పిండుకుని పారేసే ఆ తొక్కలోనే సువాసన నూనె ఉంటుంది. కాయను గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో రుద్ది కడిగి, పైన పచ్చటి పొరను మాత్రం పల్చగా చెక్కి తీయాలి. కింది తెల్లటి మెత్తటి భాగం చేదు కనుక దాన్ని వదిలేయాలి. నీడన రెండు మూడు రోజులు ఉంచితే అది ఎండిపోతుంది. కమలా తొక్కకూ ఇదే పద్ధతి.

దానిమ్మ గింజలను ఎండబెట్టడం కంటే పచ్చిగానే చల్లటి టీలో వాడటం మంచిది. చలికాలపు జామను దోరగా ఉన్నప్పుడు గింజ తీసి పల్చగా తరిగి ఎండబెడితే వేడి నీళ్ళలో వాసన బాగా ఇస్తుంది. కార్తీకంలో వచ్చే ఉసిరి విషయంలో జాగ్రత్త వహించాలి: ఉసిరిలో స్వతహాగా వగరు ఉంది, గ్రీన్ టీలోనూ వగరు ఉంది, రెండూ కలిస్తే నోరు బిగుసుకుపోతుంది. రెండు కప్పులకు వేలిగోరంత ఎండు ఉసిరి ముక్క చాలు. నేరేడు రంగు చూడటానికి బాగుంటుంది, రుచికి ఉసిరి బాపతే.

ముక్కలు ఎండబెట్టడం

ఒరుగులు పెట్టే అలవాటున్న ఇంట్లో ఇది కొత్త విద్య కాదు. దోర తోతాపురిని కడిగి, తొడిమ కోసి సొన కారిపోనిచ్చి, తొక్క తీసి, కండను మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన పలకలుగా కోయాలి. మందం అన్ని ముక్కలకూ ఒకేలా ఉండటం ముఖ్యం. లేకపోతే పల్చటివి ఎండి మాడేలోగా లావువి లోపల పచ్చిగా ఉండిపోతాయి. లీటరు నీళ్ళలో రెండు నిమ్మకాయల రసం పిండి ఆ ముక్కలను ఐదు నిమిషాలు వేసి తీస్తే ఎండేటప్పుడు నల్లబడవు. ఒరుగులకు వేసినట్లు ఉప్పు, పసుపు వేయకూడదు.

తిరుపతి మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది గనుక మిద్దె మీద రెండు మూడు రోజుల్లో పని పూర్తవుతుంది. ఇనుప, అల్యూమినియం పళ్ళేలకు పులుపు తగలకుండా వెదురు చేటలోనో, స్టీలు పళ్ళెం మీద పరిచిన నూలు గుడ్డ మీదనో ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరచాలి. పైన పల్చటి మల్లు గుడ్డ కట్టాలి. చీమలు పట్టకుండా చేటను పెట్టిన స్టూలు కాళ్ళను నీళ్ళు పోసిన గిన్నెల్లో ఉంచాలి. సాయంత్రం నాలుగున్నర, ఐదు గంటలకల్లా లోపలికి తెచ్చేయాలి, ఎందుకంటే ఎండ తగ్గాక ముక్క మళ్ళీ గాలిలోని తేమను తాగుతుంది. రోజుకొకసారి ముక్కలను తిరగవేయాలి. మబ్బు పట్టినప్పుడు ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర తలుపు కొద్దిగా తెరిచి ఉంచి ఆరేడు గంటలు ఎండబెట్టవచ్చు.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి ఒక ముక్కను పూర్తిగా చల్లారనిచ్చి విరవాలి. పుటుక్కున విరిగితే అయినట్లు. వంగి సాగితే ఇంకొక పూట ఎండ కావాలి. వేడిగా ఉన్న ముక్క ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది కనుక మిద్దె మీదే పరీక్ష చేయడం వృథా. ఎండిన ముక్కలను గాజు సీసాలో ముప్పాతిక వంతు నింపి, వారం రోజులు రోజూ ఒకసారి కుదుపుతూ చూడాలి. సీసా లోపలి గోడకు తేమ పట్టినా, ముక్కలు ఒకదానికొకటి అంటుకున్నా మళ్ళీ ఎండలో పెట్టాలి. ఈ వారం రోజుల పరీక్షను దాటించి తొందరపడితే బూజు ఖాయం. బూజు పట్టిన ముక్కను తీసేసి మిగతావి వాడుకుందామనుకోవద్దు, సీసా మొత్తం పారేయాలి.

చివరగా, ఎండిన పలకలను కత్తెరతో కందిగింజకు రెండింతల పరిమాణంలో కత్తిరించుకోవాలి. పెద్ద పలక నీళ్ళలో నెమ్మదిగా ఊరుతుంది, పొడి చేస్తే నీళ్ళు చిక్కబడి వడపోయడం కష్టమవుతుంది.

నీళ్ళు, పాత్రలు

ఒకే ఆకు ఒకే ఊరిలో రెండు వీధుల్లో రెండు రకాలుగా ఉండటానికి కారణం నీళ్ళు. కల్యాణి డ్యాం నీళ్ళో, తెలుగుగంగ నీళ్ళో వచ్చే ఇంటికీ, బోరు మీద బతికే ఇంటికీ తేడా స్పష్టంగా తెలుస్తుంది. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువైతే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది, టీ రంగు మసకబారుతుంది, పైన పల్చటి తెట్టు తేలుతుంది. పండు పులుపు ఆ తెట్టును కొంత తగ్గిస్తుంది, రుచిని మాత్రం పూర్తిగా నిలబెట్టలేదు. క్యాన్ నీళ్ళు, ఇంటి ఆర్వో నీళ్ళు మెరుగే. అయితే లవణాలన్నీ తీసేసిన నీళ్ళలో టీ చప్పగా అనిపిస్తే, ఆ నీళ్ళలో నాలుగో వంతు కుళాయి నీళ్ళు కలిపి కాచి చూడవచ్చు. ఒకసారి మరిగి చల్లారిన నీళ్ళను మళ్ళీ కాచకుండా తాజా నీళ్ళు వాడాలి.

పండు పులుపు ఉంది కాబట్టి అల్యూమినియం గిన్నె, కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలు వద్దు. పండు ఊరబెట్టడానికి స్టీలు గిన్నె, ఆకు ఊరబెట్టడానికి మూత ఉన్న పింగాణీ లేదా గాజు పాత్ర ఉంటే సరిపోతుంది. గొలుసుకు వేలాడే చిన్న జాలీ గుండు చూడముచ్చటగా ఉంటుందిగానీ, ఆకు విచ్చుకోవడానికి అందులో చోటుండదు. ఆకును నేరుగా నీళ్ళలో వేసి, చివర్లో మామూలు టీ జాలీతో వడపోయడమే మంచి పద్ధతి.

థర్మామీటరు కొననవసరం లేదు. మరిగిన నీళ్ళు రెండు పాళ్ళు, గది వేడిలో ఉన్న తాగునీళ్ళు ఒక పాలు కలిపితే మన ఊళ్ళలో సుమారు 75 డిగ్రీలు వస్తాయి. మూడు పాళ్ళకు ఒక పాలు కలిపితే 80 దాటుతుంది. నీళ్ళు కలపడం ఇష్టం లేనివారికి ఇంట్లోనే అమరిన సాధనం కాఫీ గ్లాసు, డబరా. మరిగిన నీళ్ళను డబరాలోకి, డబరాలోంచి గ్లాసులోకి మార్చిన ప్రతిసారీ వేడి కొన్ని డిగ్రీలు దిగుతుంది. చల్లటి పింగాణీ పాత్ర అయితే ఒక్క మార్పుకే పది డిగ్రీల దాకా లాక్కుంటుంది. పలుచటి స్టీలు అంత లాక్కోదు, కానీ కాఫీ తిరగపోసినట్లు ఎత్తి పోస్తే గాలి ఆ లోటు తీరుస్తుంది. మూడు నాలుగు సార్లు తిరగపోస్తే నీళ్ళు ఆకుకు తగిన వేడికి వస్తాయి. హార్స్‌లీ హిల్స్ వంటి 1,200 మీటర్లు దాటిన చోట నీళ్ళు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కనుక అక్కడ ఒక మార్పు తగ్గించుకోవచ్చు.

వేడి వేడిగా కాచుకోవడం

ఇద్దరికి సరిపడే కొలతలు ఇవి: విడి ఆకు 4 గ్రాములు, ఎండు మామిడి ముక్కలు 10 గ్రాములు, చీనీ తొక్క చిటికెడు, నీళ్ళు మొత్తం 330 మిల్లీలీటర్లు. మెలితిరిగిన పెద్ద ఆకు అయితే 4 గ్రాములకు సుమారు మూడు టీ చెంచాలు పడుతుంది, ఉండ చుట్టిన ఆకు ఒక చెంచాతోనే సరిపోతుంది; కాబట్టి మొదటిసారైనా తూకం వేసి, తమ చెంచా లెక్క గుర్తుపెట్టుకోవడం మంచిది.

స్టీలు గిన్నెలో 250 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి మామిడి ముక్కలు వేసి పొయ్యి మీద పెట్టాలి. తెర్లడం మొదలవగానే మంట సన్నం చేసి, మూత పెట్టి, ఐదు నిమిషాలు ఉంచాలి. ముక్కల అంచులు ముందుగా తేటబడతాయి, తర్వాత ముడతలు విప్పుకుని ఉబ్బుతాయి, నీళ్ళు లేత తేనె రంగుకు వస్తాయి. అప్పుడు పొయ్యి కట్టేసి చీనీ తొక్క వేసి మళ్ళీ మూత పెట్టాలి. తొక్కను మరిగేటప్పుడే వేస్తే దాని వాసన వంటింటికి దక్కుతుందే తప్ప గ్లాసుకు దక్కదు. ఇంకొక ఐదు నిమిషాలు కదపకుండా ఉంచాలి.

ఇప్పుడు మిగిలిన 80 మిల్లీలీటర్ల మామూలు నీళ్ళు అందులో పోయాలి. దానితో గిన్నెలోని నీళ్ళు సుమారు 75 డిగ్రీలకు దిగుతాయి. ఆకును పింగాణీ పాత్రలో వేసి, పండు నీళ్ళను ముక్కలతో సహా దాని మీద పక్కగా, మెల్లగా పోయాలి. మూత పెట్టి రెండు నిమిషాలు ఆగాలి. గరిటెతో తిప్పడం, ఆకును నొక్కడం, చివర్లో జాలీని పిండడం, ఈ మూడూ చేదును తెచ్చేవే. సమయం కాగానే మొత్తం ఒక్క చుక్క మిగలకుండా గ్లాసుల్లోకి వడపోయాలి. ఆకు మీద నీళ్ళు మిగిలితే అవి ఊరుతూనే ఉంటాయి, రెండో గ్లాసు మొదటిదానికంటే చేదుగా దిగుతుంది. ఇద్దరికీ సమంగా రావాలంటే అటు కొంచెం ఇటు కొంచెం మార్చి మార్చి పోయాలి.

తొలి గుక్కలో పులుపు, వెనుక మామిడి, మింగిన తర్వాత గొంతులో పచ్చి ఆకు కమ్మదనం తెలియాలి. చేదు ముందుకు వస్తే వేడి తగ్గించాలి. ఆకు తగ్గించడం తర్వాతి మాట. చప్పగా ఉంటే సమయం పెంచకుండా ఒక గ్రాము ఆకు పెంచాలి. పండు వినిపించకపోతే ముక్కలను ఇంకొక మూడు నిమిషాలు ఉడకనివ్వాలి. ఒక్కసారికి ఒక్క మార్పే చేస్తే ఏది ఏమి చేసిందో అర్థమవుతుంది.

అదే ఆకుతో రెండోసారి కాచుకోవచ్చు, మంచి ఆకైతే మూడోసారి కూడా. రెండోసారికి నీళ్ళు 80, 85 డిగ్రీల దాకా ఉండవచ్చు, సమయం ఒకటిన్నర నిమిషం నుంచి రెండు నిమిషాలు. అయితే పండు తన సారమంతా మొదటిసారే ఇచ్చేసి ఉంటుంది కనుక, రెండో విడతలో ఆకు రుచి ఒక్కటే ఎక్కువగా తెలుస్తుంది. కొందరికి అదే ఎక్కువ నచ్చుతుంది. తడిసిన ఆకును మన వేడిలో గంటకు మించి బయట ఉంచి మళ్ళీ వాడకూడదు.

ఎండాకాలానికి చల్లటిది

ఏప్రిల్, మే నెలల్లో ఎవరికీ వేడి గ్లాసు పట్టుకోవాలనిపించదు. ఆ రోజులకు చల్లటి నీళ్ళలోనే ఊరబెట్టే పద్ధతి ఉంది, నిజానికి పచ్చి పండ్లకు ఇదే సరైనది. చల్లటి నీళ్ళలో చేదు తక్కువగా దిగుతుంది, కెఫీన్ కూడా తక్కువగా దిగుతుంది, ఆకులోని సహజమైన తీపి మాత్రం దిగుతుంది. లీటరు తాగునీళ్ళకు 8 నుంచి 10 గ్రాముల ఆకు వేసి మూత పెట్టి, ఫ్రిజ్‌లో ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంచి వడపోయాలి. రాత్రి పడుకునే ముందు పెడితే తెల్లవారికి సిద్ధమవుతుంది. కుండలో పోసి బయట ఉంచితే చల్లగానే ఉంటుంది కదా అనిపించవచ్చు. కానీ కుండ నీళ్ళు ఫ్రిజ్ అంత చల్లగా ఉండవు, ఆకు, పండు కలిసిన నీళ్ళు ఆ వేడిలో రాత్రంతా ఉంటే చెడిపోతాయి.

పండును ఆకుతో పాటు రాత్రంతా ఉంచకుండా, వడపోసిన తర్వాత వేయాలి. దోర బేనీషా ముక్కలు ఒక కప్పు, లేక కొద్దిగా నలిపిన దానిమ్మ గింజలు అర కప్పు, లేక గుండ్రంగా తరిగిన చీనీ నాలుగు చక్రాలు వేసి మళ్ళీ ఒక గంట ఫ్రిజ్‌లో ఉంచితే చాలు. మామిడి ముక్కను నలపకూడదు. గుజ్జు కలిస్తే టీ జ్యూసులా చిక్కబడి ఆకు రుచి మునిగిపోతుంది. పండు వేసినదాన్ని ఆ రోజే ముగించాలి. ఇందులో గ్లాసుకు ఒక చెంచా నన్నారి పాకం, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి ఇస్తే, గ్రీన్ టీ పేరు చెబితే మొహం చిట్లించే పెద్దవాళ్ళు కూడా రెండో గ్లాసు అడుగుతారు. నన్నారి పండు కాదన్నది నిజమే, కానీ ఈ ఊళ్ళో ఎండాకాలం గురించి రాస్తూ దాన్ని వదిలేయడం కుదరదు. ఇదే టీని సీసాలో పోసుకుని అలిపిరి మెట్లెక్కదలచినవారు స్టీలు సీసా వాడాలి, కొండ మీద ప్లాస్టిక్ సీసాలు నిషేధం.

అప్పటికప్పుడు చల్లటిది కావాలంటే వేడి పద్ధతిలోనే ఆకు, పండు రెట్టింపు వేసి, నీళ్ళు అంతే ఉంచి, నిండా ఐసు ముక్కలున్న గ్లాసుల్లోకి నేరుగా వడపోయాలి. ఐసు కరిగి పల్చన చేస్తుంది గనుకనే ఆ రెట్టింపు.

తీపి, పులుపు, పాలు

పాలు ఏ రూపంలోనూ వద్దు. పండు పులుపుకు విరుగుతాయి. నిమ్మరసం వేయదలచుకుంటే గ్లాసులోకి వడపోశాక, తాగే ముందు, గింజ పడకుండా పిండాలి. పిండి పక్కన పెడితే కొంతసేపటికి రసం చేదెక్కుతుంది. తీపి కావలసినవారు తేనె అర చెంచా వేసుకోవచ్చు. చిత్తూరు బెల్లం మంచి సరుకే అయినా దాని ఘాటు ముందు గ్రీన్ టీ నిలబడదు, బెల్లం పాల టీకి, పానకానికి ఉండనివ్వాలి. అల్లం, యాలకులు, మిరియాలు వేయడం కూడా అలాంటిదే: అవి వేశాక మిగిలేది మసాలా కషాయం, అందులో ఏ ఆకు వాడినా ఒకటే. పుదీనా రెండు ఆకులు, అదీ చల్లటి టీలో, బాగుంటాయి.

దాచుకోవడం

టీ ఆకు చుట్టూ ఉన్న వాసనలను ఇట్టే పట్టేస్తుంది. ఇంగువ డబ్బా, కాఫీపొడి, ఉల్లిపాయల బుట్ట, దేవుడి గూటిలోని అగరుబత్తీలు, సాంబ్రాణి, అన్నిటికంటే ముఖ్యంగా పచ్చకర్పూరం, వీటికి దూరంగా ఆకును పెట్టాలి. చక్కెర పొంగలి కోసం తెచ్చిన పచ్చకర్పూరం పొట్లం అదే అలమరలో ఉంటే వారంలో ఆకంతా కర్పూరం వాసన వేస్తుంది, ఆ వాసనను వదిలించే ఉపాయం లేదు. వెలుతురు చొరని, గట్టి మూత ఉన్న చిన్న స్టీలు డబ్బా మంచిది. ఆకు తగ్గేకొద్దీ ఇంకా చిన్న డబ్బాలోకి మారిస్తే లోపల గాలి తగ్గుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమలో మూత తీసి ఉంచితే పెళపెళలాడే ఆకు ఒక్క పూటలో మెత్తబడుతుంది. డబ్బాలోకి తడి చెంచా పోకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ఆకునూ ఎండు పండునూ ముందే కలిపి దాచకపోవడానికి ఇదే కారణం: ఎంత ఎండిన ముక్కలోనైనా మిగిలే కాస్త తేమను ఆకు లాక్కుంటుంది. ఎవరికైనా బహుమతిగా కలిపి ఇవ్వదలచితే మూడు పాళ్ళ ఆకుకు రెండు పాళ్ళ పండు తూకం వేసి, నెలలోపు వాడమని చెప్పి ఇవ్వాలి. అలాంటి మిశ్రమాన్ని కాచేటప్పుడు 80 డిగ్రీల నీళ్ళు, మూడు నిమిషాల సమయం అన్నది ఇరువైపులా రాజీ.

ఎవరు, ఎప్పుడు

ఒక కప్పు గ్రీన్ టీలో సుమారు 25 నుంచి 45 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. కాఫీ కంటే తక్కువే అయినా నిద్ర తేలికగా చెదిరేవారు సాయంత్రం నాలుగు దాటాక మానుకోవడం మంచిది. పరగడుపున తాగితే కొందరికి కడుపులో తిప్పుతుంది. ఇడ్లీయో, నాలుగు వేరుశెనగ గింజలో తిన్న తర్వాత తాగితే ఆ ఇబ్బంది ఉండదు. ఆకులోని వగరు పదార్థాలు పప్పులు, ఆకుకూరల నుంచి వచ్చే ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి కనుక, రక్తహీనత ఉన్నవారు, ఇనుము మాత్రలు వేసుకునేవారు భోజనానికీ టీకీ మధ్య కనీసం ఒక గంట ఎడం పాటించాలి. నిమ్మ, ఉసిరి వంటి విటమిన్ సి ఉన్న పండ్లు ఆ అడ్డును కొంత తగ్గిస్తాయి. గర్భిణులు కాఫీ, టీ అన్నీ కలిపి రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకుండా చూసుకోవాలి. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవారు, గుండె మందులు వాడేవారు రోజూ తాగడం మొదలుపెట్టే ముందు తమ డాక్టరును అడగాలి. రోజుకు రెండు మూడు కప్పులు మిగతావారికి ఇబ్బంది కలిగించవు. ఉదయం పదకొండు గంటలకు, టిఫిను అరిగి భోజనానికి ఇంకా సమయం ఉన్నప్పుడు, దీన్ని తాగడానికి అన్నిటికంటే అనువైన వేళ.